ఏది రాకుంటే ఏడుస్తావ్?

ఆళ్లగడ్డ బస్టాండు పక్కన నెట్ సెంటర్ నడిపే అక్క, ఎవరి అప్లికేషన్ అయినా పంపే ముందు మౌస్ మీద నుంచి చెయ్యి తీసేసేది. లా కాలేజీల ఆప్షన్లు పెట్టడానికి నేను వెళ్లిన రోజూ అంతే. డిగ్రీలో అత్తెసరు మార్కులు, ఎంట్రన్స్‌లో మంచి ర్యాంకు. దేన్ని నమ్మాలో తెలియక, సులువుగా సీటొస్తుందన్న కర్నూలు మొదట రాసుకుపోయాను.

"ఏది రాకుంటే ఏడుస్తావ్?" అంది.

"తిరుపతి అక్కా."

"మరి కర్నూలు పైనెందుకు పెట్టినావ్? పైది దొరికితే కిందిది చూడనే చూడరు."

"మార్కులు తక్కువ కదక్కా, భయం."

"భయాన్ని కింద పెడదాం లే" అని తిరుపతిని పైకి జరిపింది.

తిరుపతి రాలేదు. కర్నూల్లో సీటొచ్చింది. ఏడుపు మాత్రం రాలేదు. ఆరోజు ఆమెకు అబద్ధం చెప్పానా? ఇప్పుడు లాయరుగా నంద్యాల కోర్టుకు ఆ షాపు ముందే బస్సెక్కుతాను. "ఏడ్చినావా?" అని అడుగుతుందేమోనని తల తిప్పుకుంటాను.