హ్యాండిల్ ఎత్తున సున్నపు చుక్క

మా మామ పోయాడని పోయిన వారం ఫోను వచ్చింది. నేను కాట్పాడి ప్లాట్‌ఫారం మీద ఉన్నాను. రైలు కూతలో మాట సరిగా వినపడలేదు. "పొద్దున కాఫీ తాగి పడుకొన్నోడు మళ్ళా లేయలేదమ్మా," అని అత్త రెండోసారి చెప్పింది. వెంటనే నాకు ఆయన సైకిలు గుర్తొచ్చింది. హ్యాండిల్‌కి ఒక పక్క తాపీ సంచి, ఇంకో పక్క సున్నం డబ్బా.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. గుడియాత్తం పక్కన మా ఊళ్ళో ఇళ్ళు కట్టే మేస్త్రీ. ఇంట్లో తెలుగు, పనిలో అరవం. రెంటిలో ఏదీ చదవలేడు. సంతకం పెట్టమంటే బొటనవేలు చాపేవాడు. ఆయన రాసిన రాతంతా సున్నంతోనే.

మా ఊరికీ పాలారు ఏటికీ మధ్య ఉన్నదంతా రాళ్ళ గుట్టలు, గరుకు నేల, సర్కారు తుమ్మ. మద్రాసు నుంచి వచ్చిన చుట్టాలు "ఎడారిలో ఎట్లా ఉంటారే" అనేవాళ్ళు. ఆ గుట్టల మీద మేకలు తొక్కిన కాలిదావలు ఒకదానిలోంచి ఒకటి చీలి, మళ్ళీ కలిసి, మళ్ళీ చీలేవి. విరించిపురం వైపు పనికి పోయేవాళ్ళు వాటి మీదే సైకిళ్ళు తొక్కేవాళ్ళు. పనిలో మిగిలిన సున్నంతో మామ ప్రతి చీలిక దగ్గరా బండకు గుర్తు పెట్టేవాడు. ఒక చుక్క ఉంటే తొక్కుకుంటూ పోవచ్చు. రెండుంటే దిగి తోసుకుపోవాలి. అడ్డగీత ఉంటే పోకూడదు. ఏటా వానలు వెలిశాక అన్నీ మళ్ళీ పూసేవాడు.

ఊళ్ళో మిద్దెల మీద డిష్ గొడుగులు ఒక్కొక్కటే లేస్తున్న కాలంలో నాకు వేలూరులో టీచరు ట్రైనింగుకు సీటు వచ్చింది. బస్సులో గుడియాత్తం చుట్టి వస్తే ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది. "దీపం పెట్టే ఏళకు ఆడబిడ్డ ఇంట్లో లేకుంటే ఆ సదువు మనకొద్దు," అన్నాడు నాయన. మామ కల్పించుకున్నాడు. "నేను దావ చూపిస్తా బావా. విరించిపురం దాకా సైకిలు, ఆడనుంచి బస్సు. పొద్దుండగానే వచ్చేస్తాది." నాయన ఒప్పుకున్నాడు. అయితే ఒక్కరోజు ఆలస్యమైనా సైకిలు మూలన పడుతుంది, నేను వంటింట్లో పడతాను. అదీ ఒప్పందం.

వారం రోజులు మామ ముందు, నేను వెనక. ఎన్నిసార్లు పడ్డానో చెప్పను, ఇప్పటికీ సిగ్గే. పడితే లేపడు. దూరంగా నిలబడి, "మట్టి తుడుచుకో. ముల్లు ఇంటికాడ తీసుకుందువులే," అనేవాడు. దిగుడులో నేను సీటుకు అతుక్కుంటే చిరాకు పడేవాడు. "లేచి నిలబడు పాపా, మోకాళ్ళు ఒదులు చెయ్యి. నువ్వేమన్నా రాతి స్తంభమా? రాయిని చూస్తే రాయి మీదికే పోతావు, దావను చూడు." పాలారు ఇసకలో దిగే ముందు చక్రాల్లో గాలి కొంచెం తీసేయడం, అవతలి గట్టున మళ్ళీ పంపు కొట్టుకోవడం ఆయనే నేర్పాడు. గుర్తుల గురించి మాత్రం ఒకే మాట పదిసార్లు చెప్పాడు. "పోయేటప్పుడైనా వచ్చేటప్పుడైనా నా చుక్క నీకు ఎడమ పక్కనే, హ్యాండిల్ ఎత్తులోనే ఉంటాది. ఇంకో చోట కనిపిస్తే అది నాది కాదు."

తర్వాత నేను ఒక్కదాన్నే పోయేదాన్ని. పొద్దున చల్లగాలిలో బ్రేకు ముట్టకుండా ఆ గుట్ట దిగిన సుఖం నాకు మళ్ళీ దేనిమీదా దొరకలేదు.

అదే కాలంలో మా గుట్టల్లో రాళ్ళ క్వారీ తెరిచారు. కోయబోయే బండలకు వాళ్ళూ సున్నంతోనే గుర్తు పెడతారు. ఒక సాయంత్రం బస్సు ఆలస్యంగా వచ్చింది. నేను ఆత్రంగా తొక్కుతున్నాను. మూడు దావలు చీలే చోట కుడిపక్క బండ నెత్తిన తెల్లటి చుక్క కనిపించింది. ఎడమా చూడలేదు, ఎత్తూ చూడలేదు, అటే తిప్పేశాను. తిన్నగా పోయి క్వారీలో తేలాను. ఎర్రజెండా పట్టుకున్నవాడు నన్ను ఆపి, బండ చాటున కూర్చోబెట్టాడు. రాళ్ళు పేల్చడం అయ్యేదాకా కదలనివ్వలేదు. బయటికొచ్చేసరికి ముందు చక్రం ముల్లు దిగి చప్పబడింది. నా చక్రాల గీత పట్టుకుని వెతుక్కుంటూ మామే వచ్చాడు. నేను ఏడుస్తూ ఆ చుక్క చూపించాను. చూసి తలూపాడు.

ఇంటి ముందు అరుగు మీద నాయన కూర్చుని ఉన్నాడు. అప్పటికి దీపాలు పెట్టేశారు. "రేపట్నుంచి సైకిలు లేదు," అన్నాడు.

"తప్పు నాది బావా," అన్నాడు మామ. అరుగు చుట్టూ నలుగురు పనివాళ్ళు కూడా ఉన్నారు. "చుక్క తప్పు చోట పెట్టినా. పాప నా గుర్తు చూసే పోయినాది."

నాయన లేచి లోపలికి పోయాడు. గోడ గింజంత వంగినా పడగొట్టి మళ్ళీ కట్టే మనిషి, తప్పు నాది అనడం ఎవరూ విని ఎరగరు. నా చదువు నిలిచింది. కానీ మాట ఊరంతా పాకింది. మేస్త్రీ గుర్తు నమ్ముకుంటే క్వారీలో తేలతామని పనివాళ్ళు ఆయన ముందే నవ్వేవాళ్ళు. కొందరు ఆ దావ మాని రోడ్డు పట్టారు. నేను అన్నీ విన్నాను. నిజం చెబితే సైకిలు పోతుందని నోరు మూసుకున్నాను. ఉద్యోగం వచ్చాక భయం పోయింది, సిగ్గు మిగిలింది. ఒకసారి కదిపితే ఆయన, "పాత సున్నం గీకొద్దు పాపా, పెచ్చులూడతాయి," అని నవ్వేశాడు. నేనూ హమ్మయ్య అనుకున్నాను. అందుకు నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను.

మామ పోయిన మూడో రోజు, ఇంటికి వచ్చినవాళ్ళందరి ముందూ చెప్పేశాను. ఆ చుక్క మామది కాదు, చూడకుండా తిప్పింది నేను అని. ఆనాటి పనివాళ్ళలో మిగిలిన ఇద్దరు ముసలివాళ్ళు తల దించుకున్నారు. అత్త నా వైపు చూసి, "నాకు తెలీదా? మీ మామ చుక్క తప్పు పెడతాడా?" అంది. ఆమే మళ్ళీ అంది. "ఈ ఏడు గూడా వానలు పోయినాక డబ్బా ఎత్తుకోని పోయినాడు. ఎవురు పోతారప్పా ఆ దావన అంటే, ఎవురో ఒకరు తొందరలో వస్తారులే అన్నాడు."

సాయంత్రం ఆయన సైకిలు తీసుకుని ఒక్కదాన్నే పోయాను. దిగుడులో లేచి నిలబడ్డాను, మోకాళ్ళు పట్టేశాయి. క్వారీ ఎప్పుడో మూతపడింది. గుంటలో పచ్చటి నీళ్ళు. తిరిగి వస్తూ చూస్తే, ఆ మూడు దావల చీలిక దగ్గర కుడిపక్క బండకు బారెడు అడ్డగీత ఉంది, ఏళ్ళ తరబడి పొర మీద పొర పూసి మందంగా. ఎడమ పక్క, హ్యాండిల్ ఎత్తులో, ఒక చుక్క. సైకిలు దిగకుండానే చెయ్యి చాపాను. వేలికి తెల్లగా సున్నం అంటింది.