ఆంటీ చెప్పని గాలి పాఠం

మా పక్కింటి ఆంటీ గత మంగళవారం చనిపోయారు. కేర్‌హోమ్‌లో పొద్దుటి షిఫ్టుకి బయల్దేరి బస్‌స్టాప్‌లోనే కుప్పకూలిపోయారట. ఇంగ్లండులో మా ఊరు స్విండన్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఆ వార్త కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడ్డాయి. నేనూ ఒకటి పెట్టాను. పెట్టగానే నా మీద నాకే అసహ్యం వేసింది.

ఒంగోలు హైస్కూల్లో ఏళ్ల తరబడి భూగోళం చెప్పిన మనిషి ఆవిడ. ఇక్కడికొచ్చాక ఆ చదువు ఎవరికీ అక్కర్లేకపోయింది. ముసలివాళ్లకు స్నానాలు చేయించే పని దొరికింది. దానికి ఏనాడూ సణగలేదు. గాలి ఎక్కువైన రోజుల్లో మా చెత్త బిన్ను కూడా తీసుకెళ్లి గోడకు ఆనించి వచ్చేవారు. ఆవిడ కోపమల్లా ఇక్కడి జనం పొద్దస్తమానం వాతావరణం గురించి మాట్లాడతారే తప్ప, గాలి ఎందుకు వీస్తుందో కనుక్కోరని.

ఒక చలికాలం సాయంత్రం మా ఇంటికొచ్చి, దేవుడి ముందు పెట్టబోతున్న అగరుబత్తి నా చేతిలోంచి లాక్కున్నారు. ఆవిడేమో చర్చికి వెళ్లే మనిషి.

"మీ దేవుడికి ఇంకోటి వెలిగిద్దువుగానిలే, ఇట్రా."

వంటిల్లు వేడిగా ఉంది, హాల్లో హీటింగ్ లేదు. మధ్య తలుపు కాస్త తెరిచి అగరుబత్తిని సందులో పైన పట్టుకున్నారు. పొగ హాల్లోకి పోయింది. కింద పట్టుకున్నారు. వంటింట్లోకి వచ్చింది.

"చూశావా? వేడిగాలి తేలికై పైనుంచి పోద్ది. చల్లగాలి కిందనుంచి వచ్చుద్ది. నీ వంటిల్లు భూమధ్యరేఖ, నీ హాలు ధ్రువం. ఎండ అంతటా ఒకేలా పడితే ఆకు కూడా కదలదమ్మా. తేడా ఉంటేనే గాలి."

నేను ప్రైమరీ స్కూల్ టీచర్ని. అయినా మా అమ్మాయితో పాటు నోరు తెరుచుకుని చూశాను. అప్పుడే అడిగారు.

"మీ స్కూల్లో ఒక్క గంట ఇప్పించమ్మా. ఈ పాఠం చెప్పి వచ్చేస్తా."

"చూద్దాం ఆంటీ" అన్నాను. మూడేళ్లు అదే మాట అన్నాను. పర్మిషన్లనీ, ఫారాలనీ సాకులు చెప్పాను. నిజమేమిటంటే, ఆవిడ ఇంగ్లీషుకు పిల్లలు నవ్వుతారని, ఆ నవ్వు నాకూ అంటుకుంటుందని భయం.

అంతకన్నా సిగ్గుమాలిన పని ఇంకొకటి చేశాను. స్కూల్లో ఇన్‌స్పెక్షన్ రోజు ఆ పాఠం నేనే చెప్పాను. పొగ కుదరదు కాబట్టి టిష్యూ పేపర్ పీలిక పట్టుకున్నాను. అందరూ మెచ్చుకున్నారు. ఈ ఆలోచన ఎక్కడిదని హెడ్‌టీచర్ అడిగితే, ఊరికే తట్టిందన్నాను.

మా అమ్మాయిదీ అదే స్కూలు. "ఆంటీ, మమ్ డిడ్ యువర్ డోర్ థింగ్!" అని ఆ సాయంత్రమే చెప్పేసింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆంటీ నావైపు తిరిగారు.

"కింద కూడా చూపించావా? చాలామంది పైది చూపించి కిందది మర్చిపోతారు."

అంతే. ఆ గంట సంగతి మళ్లీ ఎత్తలేదు.

నిన్న చర్చిలో ఆంటీ అంత్యక్రియల దగ్గర, కేర్‌హోమ్ నుంచి చక్రాల కుర్చీలో వచ్చిన ఒక ముసలావిడ, నేను ఆంటీ పక్కింటి టీచర్నని తెలిసి నా చెయ్యి పట్టుకుంది. "తను ప్రతి గురువారం టీ అయ్యాక మీ స్కూల్లో చెప్పబోయే పాఠం మాకు చెప్పి చూసుకునేది. పిల్లలకు నా ఇంగ్లీషు అర్థమవుతుందా అని అడిగేది. మాకైతే ప్రతి ముక్కా అర్థమైంది" అంది ఇంగ్లీషులో. తర్వాత అడిగింది.

"ఇంతకీ పిల్లలకు నచ్చిందా?"

ఆవిడ నా జవాబు కోసం ఆగలేదు. భూమి తిరుగుతుంది కదా, ఉత్తరానికి బయల్దేరిన గాలి తిన్నగా పోదు, అందుకే మనకు పడమటి గాలి, అంటూ చెప్పుకుపోయింది. ఆ ముక్క నేను పిల్లలకు చెప్పనే లేదు. ముసలావిడ వేలెత్తి, శవపేటిక మీదుగా గాల్లో నిలువుగా ఒక గీత గీసి, దాన్ని మెల్లగా కుడివైపుకు వంచింది.