ఫైబరు తలుపుకి టేకు గీతలు

చుట్టుపక్కల ఊళ్లకు తలుపులు చేసిపెట్టే వడ్రంగి మేస్త్రీ ఇంటికి నేను కోడలిగా వచ్చాను. ఆ ఇంటి వీధి తలుపు మాత్రం మామిడి కొయ్యది. వచ్చినవాళ్ల టేకుని ముద్దుగా చిత్రిక పట్టే మా మామగారు, సొంత ఇంటి దగ్గరికి వచ్చేసరికి మిగిలిన చెక్కలు నాలుగు జోడించి సరిపెట్టేశారు. నరసరావుపేట చెదపురుగులకు ఆ సంగతి ఎవరు చేరవేశారో తెలియదు గాని, నేను కాపురానికి వచ్చిన మూడో ఏడాదికి తలుపు అడుగుభాగం అట్టముక్కలా ఊడి చేతికి వచ్చింది. రోజూ పొద్దున్నే గడప ముందు ఆ చెదమట్టి ఊడ్చేది నేను. ఆ తలుపు మీద నాకున్నంత కోపం ఇంట్లో ఇంకెవరికీ లేదు.

"మావయ్యా, మనక్కూడా ఒక మంచి తలుపు చేయరాదా" అని అడిగినప్పుడల్లా, "చేద్దాంలే అమ్మాయ్, ఈ క్రోసూరోళ్ల పని కానీ" అనేవారు. క్రోసూరు వాళ్ల పని అయిపోయేది, ఇంకో ఊరి వాళ్లది మొదలయ్యేది.

మా ఆయన లారీ డ్రైవరు. మాచర్లలో నాపరాళ్లు ఎత్తుకుని విజయవాడలో దించి వచ్చేవారు. ఎనభైల చివర్లో అక్కడ బస్సులకు ఫైబరు భాగాలు పోసే స్నేహితుడొకడు, పాత టేకు తలుపుల మీద అచ్చులు తీసి ఫైబరు తలుపులు పోయడం మొదలుపెట్టాడట. ఈయనకు మూడు రకాలు చూపించాడట. ఒకటి పువ్వులది, ఒకటి నెమళ్లది, ఒకటి ఉత్త పలకలది. ఈయన మనసు నెమళ్ల మీదికే పోయింది గాని, తాళం సరిగ్గా నెమలి మెడ మీదికి వస్తుందని చూసుకుని పలకల తలుపే పట్టుకొచ్చారు. మా కాపురంలో ఆయన ఒక్కరే వెళ్లి సరిగ్గా ఎంచుకొచ్చిన వస్తువు అదొక్కటే.

ఖాళీ లారీలో నుంచి పాలరంగు తలుపు దిగింది. ఒక మనిషి ఎత్తితే లేచింది. మామగారు అరుగు మీద నుంచి వచ్చి, వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి చూశారు.

"డబ్బా" అన్నారు.

"చెద పట్టదు నాయనా. వానకి ఉబ్బదు" అన్నారు మా ఆయన.

"ఒరేయ్, తలుపులు చేసి బతికేవోణ్ణి. నా ఇంటికే డబ్బా తలుపు పెట్టుకుంటే రేపు నాకు పని ఇయ్యడానికి ఎవడొస్తాడ్రా?"

మా ఆయన లారీ తాళ్లు చుట్టుకోవడంలో పడ్డారు. నా దగ్గర జవాబు ఉంది గాని, కోడలి నోట రావలసింది కాదు. చీపురు తెచ్చి పాత తలుపు కింద మట్టిని ఇంకోసారి, కాస్త చప్పుడయ్యేలా ఊడ్చాను. మామగారికి అర్థమైంది. "బిగించుకోండి. నేను మాత్రం చెయ్యి పెట్టను" అని ఉలి సంచీ తీసుకుని వెళ్లిపోయారు. ఆ రోజు నుంచి ఆయన రాకపోకలన్నీ పెరటి దోవనే.

శుక్రవారం తలుపు బిగించాం. కొత్త తలుపు గదా అని, పసుపు నూనెలో కలిపి రెండు చేతులా నిండుగా పులిమి, కుంకుమ బొట్లు పెట్టాను. కొయ్యకైతే ఎంత పసుపు పూసినా అందమే. ఫైబరుకి మాత్రం మర్నాడు తుడిస్తే వదల్లేదు. సబ్బు వేశాను, కిరసనాయిలు వేశాను, నిమ్మచెక్కతో రుద్దాను. తలుపు మీద నా పది వేళ్లూ విడివిడిగా అలాగే ఉన్నాయి.

"ఏంది చెల్లే, మీ తలుపుకి పచ్చకామెర్లా?" అని అడిగింది పక్కింటి అక్క.

నాకు ఏడుపొచ్చింది. అంత పోరు పెట్టి తెప్పించుకున్న తలుపు. మామగారు ఒకసారి చూసి, ఉలికి పదును పెట్టుకోవడానికి పెరట్లోకి వెళ్లిపోయారు. తిట్టి ఉంటే కాస్త నయంగా ఉండేది.

ఇక రంగు వెయ్యక తప్పలేదు. మా ఆయన చిలకలూరిపేట నుంచి లారీలకు రంగులేసే పెయింటరును తీసుకొచ్చారు. అచ్చం టేకులా చేసిపెడతానన్నాడతను. తలుపు ఊడదీసి పెరట్లో రెండు బల్లల మీద పడుకోబెట్టాం. వీధి గుమ్మానికి దుప్పటి కట్టాం. అతను ఉప్పుకాగితంతో తలుపంతా రుద్ది, లేత గోధుమరంగు వేసి ఆరనిచ్చాడు. రెండో రోజు దాని మీద ముదురు రంగు పలచగా పూసి, తడి ఆరకముందే దువ్వెనతో గీతలు లాగడం మొదలుపెట్టాడు. చెయ్యి లారీలకు అలవాటు పడింది కదా, గీతలన్నీ పూలతీగల్లా అడ్డంగా వంకర్లు తిరిగాయి. మధ్యమధ్యలో, కొమ్మ పుట్టినచోట ఉన్నట్టు, గుండ్రంగా కొయ్య కళ్లు కూడా ధారాళంగా పెట్టాడు.

అదే పెరట్లో, తలుపుకి వీపు పెట్టి మంచం కోళ్లు చెక్కుతున్న మామగారు ఒకసారి వెనక్కి తిరిగి చూశారు. ఉలి కింద పెట్టారు.

"ఏందయ్యా అది?"

"టేకండీ, మేస్త్రీ గారూ."

"ఏ అడివిలో చూశావు? నిలువు చెక్కకి గీత అడ్డంగా పోతే ఆ చెక్క నిలబడతదా? ఇన్ని కళ్లున్న కొయ్యని పొయ్యిలో పెట్టుకుంటారు. ఇట్టా తే ఆ దువ్వెన."

తడి రంగు గుడ్డతో తుడిపించి, మళ్లీ పూయించారు. దువ్వెనలో పళ్లు అక్కడక్కడా విరగ్గొట్టి, తలుపు మీదికి వంగారు. అంచుల్లో సన్నగా, దగ్గర దగ్గరగా లాగారు. మధ్యలో చేవ ఉండే చోట వెడల్పుగా, కోసుగా సాగనిచ్చారు. "ఈ పలకా ఆ పలకా ఒకే దుంగలోయి" అని తనలో తనే అనుకుంటూ రెండింటి గీతల్నీ జోడు కుదిర్చారు. పెయింటరు చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. అంతా అయ్యాక "వార్నీషు నువ్వేసుకో" అని చేతులు కడుక్కున్నారు మామగారు.

తలుపు మళ్లీ గుమ్మానికి ఎక్కింది. వీధిలో నాకంటే గర్విష్ఠి లేదు. మామగారు మాత్రం పెరటి దోవ మానలేదు.

పది రోజులకు రొంపిచెర్ల నుంచి ఒక రైతు వచ్చాడు. ఇల్లు కట్టుకుంటున్నాడట, తలుపులు కావాలట. మామగారు పెరట్లో నుంచి సందు చుట్టూ తిరిగి వచ్చేలోపు, అతను మా తలుపు నిమురుతూ నిలబడ్డాడు.

"కొయ్యంటే ఇదీ మేస్త్రీ. ఇట్టాంటి టేకు నీకెక్కడ దొరికింది?"

నేను కిటికీ వెనక నుంచి వింటున్నాను. ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోండి మావయ్యా అని మనసులో మొక్కుకున్నాను కూడా.

మామగారు వేలి కణుపుతో రెండుసార్లు కొట్టారు. "డబ్బా అయ్యా ఇది. ఫైబరు. గీతలు నేను గీసినయ్యి."

రైతు తనూ కొట్టి చూసుకున్నాడు. ఒక్కో పలకా వరసగా తట్టుకుంటూ పోయాడు. ఆ కాసేపట్లో నాకు నా మీదే కోపం వచ్చింది. ఈ తలుపు ఊడబెరికి లారీలో వేసి పంపేద్దామా అనిపించింది.

"నాకు టేకుతోనే చెయ్యి" అన్నాడు చివరికి. "సింహద్వారం, ఇంకో మూడు. గీతలు మాత్రం ఇట్టానే రావాల."

"అది నా చేతిలో లేదయ్యా. చెట్టు ఏదిస్తే అది. చెడగొట్టకుండా ఉండటం వరకే నా పని."

రైతు నవ్వి, కొలతలకు ఎప్పుడొస్తావని అడిగాడు. మామగారు మాట్లాడుకుంటూ అతన్ని వీధి చివరిదాకా సాగనంపారు. ఆయన తిరిగొస్తారని నేను అలవాటుగా పెరట్లోకి వెళ్లి గడియ తీయబోయాను. వెనక వీధి తలుపు చప్పుడైంది. మామగారు దాన్ని తోసుకుని లోపలికి వచ్చి, దగ్గరగా వేసి, మంచినీళ్లు అడిగారు.