ఎలుకలు కొరికిన పరుపు

ఆ ఆదివారం ఉదయం ఏడూ నలభైకి మా ముందుగదిలో ఉన్నవి ఇవి: నేను, నా భార్య రజిత, నేల మీద రెండు పళ్లాల్లో ఉప్మా, తిరుగుతున్న ఫ్యాను, గోడ వారగా ఒక సోఫా. సోఫా మీద ఎవరూ లేరు. మాకు పిల్లి లేదు. కిటికీ గడియ పెట్టి ఉంది.

ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే, దయ్యాల మాట ఎత్తితే నవ్వి ఊరుకునే మనిషిని నేను. మెకానికల్ చదివాను. కరీంనగర్ దగ్గర ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లో పలకల చదును కొలవడం నా ఉద్యోగం. అర మిల్లీమీటరు తేడా వచ్చినా పలకను పక్కన పెట్టిస్తాను. కొలతకు అందనిదాన్ని నమ్మిన రోజు నా జీవితంలో లేదు.

ముందు ఆ సోఫా సంగతి చెప్పాలి. అది అసలు సోఫా కాదు, క్రాష్ ప్యాడ్. తాడు లేకుండా బండలెక్కేవాళ్లు, జారిపడితే దెబ్బ తగలకుండా కింద పరుచుకునే పరుపు. పొడవు నూట ఇరవై సెంటీమీటర్లు, వెడల్పు తొంభై, మందం పది. మధ్యలో మడత. వీపున వేసుకుని మోయడానికి రెండు పట్టీలు. మడత పక్కన అరచేయంత తివాచీ ముక్క ఒకటి కుట్టి ఉంటుంది, ఎక్కేముందు బూట్ల మట్టి తుడుచుకోవడానికి.

ఆ పరుపు సంపత్‌ది. అతను, రజిత డిగ్రీలో కలిసి చదువుకున్నారు. మా చుట్టుపక్కల క్వారీ పడకుండా మిగిలిన గుట్టలన్నీ కలిసి ఎక్కారు. ఒకరు ఎక్కుతుంటే ఇంకొకరు కింద చేతులు చాచి నిలబడాలట, పడే మనిషిని పరుపు మీదికి మళ్లించడానికి. రజిత ఈ సంగతి మామూలుగానే చెప్పింది. నాకు మాత్రం ఆ చాచిన చేతులు చాలాకాలం కళ్లముందు నుంచి పోలేదు.

ఇంకొకటి. సంపత్ నన్ను అన్నా అంటాడు. బావా అని ఉంటే నాకు ఏ బాధా లేదు. అప్పుడు రజిత అతనికి చెల్లెలి వరస అవుతుంది. సరే, అన్నా అన్నాడనుకుందాం, మరి రజితను వదినా అనాలి కదా. అనడు. పేరు పెట్టే పిలుస్తాడు. ఈ వరసల లెక్క నేను చాలాసార్లు వేశాను. ఒక్కసారీ సరిపోలేదు.

టీచర్ ఉద్యోగం వచ్చి జైనూర్ వెళ్తూ అతను పరుపును మా ఇంట్లో పెట్టిపోయాడు. "నీ దగ్గర్నే ఉండనియ్యి రజితా, సెలవులకు వచ్చినప్పుడు గుట్టకు పోదాం" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. తర్వాత రెండేళ్లు అది మా పడకగది తలుపు వెనక నిలబడి ఉంది. రజితను గుట్టలకు పోవద్దని నేనెప్పుడూ అనలేదు. ప్రతి ఆదివారం ఏదో ఒక పని మాత్రం పెట్టేవాణ్ణి.

చివరికి సోఫా చేశాను. వేప చెక్కతో చట్రం బిగించాను. ప్యాడ్‌లో తివాచీ ముక్క ఉన్న సగం సీటు, రెండో సగం వీపు ఆనుకోవడానికి. తొంభై సెంటీమీటర్ల సీటు, ఇద్దరు ఒరుసుకుని కూర్చోవడానికి సరిగ్గా సరిపోతుంది. పట్టీలు కోసేశాను. చట్రానికి అడ్డం వస్తున్నాయని చెప్పాను. నిజానికి రావు. పట్టీలు లేకపోతే దాన్ని ఎవరూ మోసుకుపోలేరు, అంతే. రజిత ఆ పట్టీలను చుట్టి తన బట్టల కింద పెట్టుకుంది.

ఆ ఆదివారానికి ముందు బుధవారం, రజిత స్నానానికి వెళ్లినప్పుడు ఆమె ఫోన్ మోగింది. సంపత్. జైనూర్ దాటాక మంచి బండ ఒకటి కనబడిందట, ఆదివారం ఎక్కుతాడట, పరుపును ఉట్నూర్ వైపు వచ్చే బస్సులో వేయమన్నాడు. సోఫా చేశానని చెప్తే సరిపోయేది. ఎలుకలు కొరికేశాయి, పారేశాం అన్నాను.

అతను నవ్వాడు. "మీ ఎలుకలకు ఇంకేం దొరకలేదా అన్నా? పోనీ తియ్యి, ఉత్త బండ మీదనే చూస్త."

ఉత్త బండ అన్న మాట నాకు స్పష్టంగా వినబడింది. విని ఫోన్ పెట్టేశాను. రజితకు చెప్పలేదు.

ఆదివారం ఏడూ నలభైకి సోఫా మీద ఏదో పడింది. బియ్యం బస్తా పైనుంచి జారవిడిస్తే వచ్చే చప్పుడు. చట్రం కిర్రుమంది. ఇద్దరం ఒకేసారి తల తిప్పాం. సీటు ఎడమవైపు గుంట పడి ఉంది. మనిషి వెల్లకిలా పడితే భుజాలూ వీపూ దిగినంత మేర.

చెక్క విరిగి ఉంటుందన్నాను. కింద పడుకుని చూశాను. ఒక్క మేకు కూడా కదల్లేదు.

ఎనిమిదింబావుకు సంపత్ ఫోన్ చేశాడు. రజిత స్పీకర్ పెట్టింది. చేయి జారి రెండు నిలువుల ఎత్తు నుంచి పడ్డాడట. కింద సాపు రాయి. ఒంటి మీద గీత కూడా లేదట.

"మెత్తగ పడ్డ రజితా. మెడ కింద గా తివాచీ ముక్క గరుకుగ తగిలింది. లేచి చూస్తే ఉత్త బండ. నాకు పిచ్చి లేసిందనుకున్న."

ఎప్పుడు పడ్డావని రజిత అడిగింది. ఏడున్నర దాటాక అన్నాడు. సిగ్నల్ కోసం రోడ్డుదాకా నడిచి వచ్చాడట.

"పరుపు అడగొద్దా మరి?"

"అడిగిన గద. ఎలుకలు కొరికినయని అన్న చెప్పిండు."

రజిత నా వైపు చూడలేదు. సోఫా వైపు చూసింది. తివాచీ ముక్క గుంట లోపల, పై అంచున, నడుమ ఉంది. ఫోన్ పెట్టేశాక ఒక్క మాటే అంది.

"మనింట్ల ఎలుక గింత పెద్దగుంటదనుకోలే."

నాకు తెలిసిన పరీక్షలన్నీ చేశాను. స్టూలు మీద నుంచి, తర్వాత బల్ల మీద నుంచి వెల్లకిలా సీటు కుడివైపు పడ్డాను. నా బరువు డెబ్బై నాలుగు కిలోలు. నేను లేచేలోపే నా గుంట నిండిపోయింది. ప్యాడ్‌ను చట్రం నుంచి విప్పి రెండు రోజులు ఎండలో పెట్టాను. అతని గుంట నిండలేదు. చప్పుడుకు ఒక కారణం చెప్పగలను, గుంటకు ఒకటి, అతని మాటలకు ఒకటి. మూడూ కలిపి చెప్పమంటే ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

ఒకటి ఒప్పుకోవాలి. అతనికి ఏమీ కాలేదని విన్నప్పుడు ముందు ఊపిరి వచ్చింది. ఆ వెంటనే కడుపు మండింది. చెక్క నాది, మేకులు నావి, పట్టీలు కోసింది నేను. అయినా అది అతని కిందికే పోయింది.

ఏడు నెలలైంది. ఆదివారాలు రజిత మళ్లీ గుట్టలకు వెళ్తోంది. నేను పనులు పెట్టడం మానేశాను. తిరిగి వచ్చి సోఫా కుడి అంచున కూర్చుంటుంది. గుంటను ముట్టుకోదు. నన్ను పక్కన కూర్చోమనదు. నేను ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటాను.

ఈ ఉదయం మళ్లీ కొలిచాను. సీటు వెడల్పు తొంభై. గుంట వెడల్పు యాభై నాలుగు. మిగిలింది ముప్ఫై ఆరు సెంటీమీటర్లు.