నల్ల మార్కరు పూసిన అట్లాసు

నల్ల మార్కరు ఘాటు తగిలితే నాకు ఇప్పటికీ చిరాకే. కువైట్‌లో మా స్కూలు అట్లాసుల్లో ఇజ్రాయెల్ పేరు కనబడకుండా మార్కరు పూసి ఇచ్చేవాళ్ళు. అలా పూస్తే ఆ దేశం పోతుందనుకున్నాను.

తొంభైలో కువైట్‌ను ఆక్రమించిన ఇరాక్ సైనికులు ఫింటాస్ పేటలో మా వీధికి రాగానే నేనూ ఇరాక్ పేరు మీద కసిగా మార్కరు రుద్ది, వాళ్ళెప్పుడు పోతారా అని కిటికీ దగ్గర కాపలా కాశాను. మధ్యాహ్నానికి ఇంకో ట్రక్కు వచ్చింది.

అమ్మ ఆ పేజీ చించేసింది. “పిల్లచేష్టలు కాకపోతే! సోదాకొచ్చి చూస్తే మీ నాయన్ను వదుల్తారా?”

అప్పుడే వచ్చిన పక్కింటి పాలస్తీనా ఆవిడ ఆ కాగితం అందుకుని, ఇజ్రాయెల్ మీది పాత నల్లమచ్చను గోటితో గీకింది. “మా ఊరు దీనికిందే ఉంది. నా చిన్నప్పట్నుంచీ పూస్తూనే ఉన్నారు. ఆ దేశమూ పోలేదు, మేమూ తిరిగి పోలేదు.”

నాది పిల్లచేష్టట. అట్లాసులన్నిటికీ పూసింది పెద్దవాళ్ళే కదా!