మూడున్నర గంటల విమానం

మా పిన్ని విమానానికి జడిసి ఎయిర్‌పోర్టు నుంచే వెనక్కి పరుగెత్తుకొచ్చిందని మా వీధంతా చెప్పుకుంటారు. మొగుడి వైద్యం కూడా మాన్పించి లాక్కొచ్చిందంటారు. ఇస్త్రీకి బట్టలు తెచ్చినవాళ్ళు, "ఏమ్మా, మేఘాల దాకా వెళ్ళొచ్చావా?" అని అడిగి నవ్వుతారు. పిన్ని ఇస్త్రీపెట్టె ఎత్తి చొక్కా కాలరు మీద పెడుతుంది. ఆ కొట్లోనే నేను బట్టలు మడతపెడుతూ ఉంటాను.

బాబాయి బస్సు కండక్టరుగా చేసి, ఊపిరితిత్తులు దెబ్బతిని ఇంట్లో కూర్చున్నాడు. ముక్కుకి గొట్టం లేకుండా గుమ్మం దాకా నడిచినా పెదవులు నల్లబడతాయి. ఆయన్ని చూస్తామన్న ఆసుపత్రి దేశం దాటి, వేల కిలోమీటర్ల అవతల ఉంది. దారిలో గాలి అందించడానికి చిన్న మిషన్ ఒకటి అద్దెకు తెచ్చాం. దాని బ్యాటరీ ఐదు గంటలు వస్తుంది.

టిక్కెట్టు మీద బయల్దేరేది తొమ్మిదికి, చేరేది పన్నెండున్నరకి అని ఉంది. బాబాయి బస్సులో జన్మంతా చేసిన లెక్కే చేశాడు. చేరే టైములోంచి బయల్దేరే టైము తీసేశాడు. మూడున్నర గంటలు. డాక్టరుకీ అదే చెప్పాడు. అంత దూరం అంత తొందరగానా అని పిన్ని నసిగితే, "విమానమంటే ఏమనుకున్నావే, చెయ్యెత్తిన చోటల్లా ఆగడానికి?" అన్నాడు.

ఆ పొద్దున మా సందులోని టాక్సీ అతనే మమ్మల్ని దింపి, పెట్టెలు పట్టుకుని మాతో లోపలికి వచ్చాడు. బాబాయి చక్రాల కుర్చీలో, మిషన్ ఆయన ఒళ్ళో. క్యూలో మా ముందున్న పెద్దమనిషి చేతి వాచీ ముల్లు వెనక్కి తిప్పుతున్నాడు. బాబాయికి ఊరుకోబుద్ధి కాలేదు. వాచీ మొరాయించిందా అని అడిగాడు. అక్కడి టైము మనకంటే వెనకని, ఇప్పుడే మార్చుకుంటే గొడవ ఉండదని ఆయన చెప్పాడు.

బాబాయి మొహంలో నవ్వు అలాగే బిగుసుకుపోయింది.

"అయ్యా, అక్కడ దిగేసరికి ఇక్కడ ఎంతవుతుంది?" అని అడిగింది పిన్ని.

"నాలుగవుతుందమ్మా."

తొమ్మిదికి ఎక్కి నాలుగుకు దిగడం. అంటే ఏడు గంటలు. మిషన్ బాబాయి ఒళ్ళో గుర్రుమంటూనే ఉంది. అది ఎప్పుడు ఆగుతుందో అని ఆ చప్పుడు తప్ప నాకింకేమీ వినబడలేదు.

బాబాయి మొండికేశాడు. ఆసుపత్రివాళ్ళు మళ్ళీ పిలుస్తారో లేదో అన్నాడు, విమానంలో ఏదో ఒక ఏర్పాటు ఉండకపోదన్నాడు, నలుగురూ చూస్తున్నారన్నాడు. పిన్ని కుర్చీని వెనక్కి తిప్పింది.

"నాకు భయంగా ఉంది. ఇంటికి పోదాం పదండి," అంది.

అప్పటిదాకా ఫోన్లో మాట్లాడుతున్న టాక్సీ అతను ఆ ఒక్క మాటే విన్నాడు.

ఇంటికొచ్చాక బాబాయికి పెద్ద సిలిండరు గొట్టం పెట్టి, పిన్ని ఆ మిషన్‌ను ఛార్జింగు పెట్టకుండా, ఆపకుండా బల్ల మీద వదిలేసింది. ఆసుపత్రికి ఫోన్ చేస్తే పై వారం రమ్మన్నారు. ఆ రోజు కొట్టు తెరవలేదు. ముగ్గురం మిషన్ ఎదురుగా కూర్చున్నాం. బాబాయి ఒక్క జోకూ వెయ్యలేదు.

మధ్యాహ్నం అన్నాలు వడ్డిస్తుండగా అది ఆగిపోయింది. మేమెక్కని విమానం అప్పటికి ఇంకా గాల్లోనే ఉంది.