ఎడమ పక్క ఒకటిన్నర ఇంచి

దెయ్యాలూ గియ్యాలూ అని ఎవరన్నా మొదలుపెడితే నాకు ఒళ్ళు మండుతాది. ముప్పై ఏండ్లుగా బోరు మోటార్లు ఎత్తే పని నాది. మనిషి తిరగని చేన్లల్లో చేసినా, శ్మశానం గోడ పక్క బోర్ల కాడ కూడా చేసినా. ఒక్కరోజు కూడా ఏదీ కనపడలా, ఏదీ వినపడలా. అట్లాంటి కథలు చెప్పేవాళ్ళని ఎగతాళి చేసేవాణ్ణి, ఇప్పుడూ చేస్తాను. ఈ రాసేది టేపు పెట్టి కొలిచిన సంగతి. కొలిచింది నేనొక్కణ్ణే కాదు.

మాది పుంగనూరు. రైతు బోరులో మోటారు కాలిపోతే పైపులతో సహా పైకి ఎత్తి, బాగుచేసినాక మళ్ళీ దించడం మా పని. దానికి ఒక ట్రాలీ ఉంటాది. ఇనుప స్టాండు, తాడు చుట్టే మిషను, పైపులు పట్టే సామాన్లు అన్నీ దాని మీదే. ఆ ట్రాలీని లాగేది నా పెద్ద బండి. వెనక భాగంలో ఎదురెదురుగా రెండు పక్క సీట్లుండే పాత రకం. బయట ఎస్‌యూవీ అంటారు, మా ఇంట్లో ఉత్త బండే.

పనికి నలుగురం పోతాం. చూడండి, ఆ మాట ఇంకా అట్లే వస్తాది. నలుగురం పోయేవాళ్ళం. నేను తోలేది, నా పక్కన రమణ, మధ్య సీట్లో రమణ వాళ్ళ అన్న శీనప్ప, వెనక ఎడమ పక్క సీట్లో మా బామ్మర్ది మునెప్ప. నా పెండ్లాం రెడ్డెమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు.

పదకొండేండ్లు ఆ సీట్లో వేరేవాళ్ళు కూచ్చోలా. వెనక అద్దంలోంచి ట్రాలీని కనిపెట్టుకోని ఉండడం వాడి పని. అంతా బాగుంటే బండి రేకు మీద రెండు దెబ్బలు కొడతాడు. తేడా వస్తే ఒక్కటే దెబ్బ. ఆ ఒక్క దెబ్బ వినపడితే యాల అని అడక్కుండా బ్రేకు తొక్కేవాణ్ణి. ట్రాలీ టైరు బోల్టులు వదులై ఊగతాంటే రెండుసార్లు వాడి దెబ్బే మమ్మల్ని కాపాడింది.

ఆ సీటు సరిగ్గా చక్రం మీద ఉంటాది. బండి వెనకాల బరువంతా మోసేది కమాన్ కట్టలు. ఒకదాని కింద ఒకటి పేర్చిన వంపు తిరిగిన ఇనుప ప్లేట్లు. మావి పాతవైపోయి చప్పబడినాయి. ఎనక ట్రాలీ తగిలించినామంటే బండి మూతి పైకి లేచి, తోక కిందికి దిగేది. స్పీడు బ్రేకరు వచ్చిందంటే ఇనుముకు ఇనుము తగిలి ధడేల్మని కొట్టేది. ఆ దెబ్బ ముందు కూచున్న నాకు చప్పుడుగా వినపడేది. మునెప్పకు నడుములో తగిలేది.

"బావా, నడుము ఇరిగిపోతాండాది. ఎనక కమాన్లు మార్పియ్యి నాయనా" అని రెండేండ్లు అడిగినాడు. సీజన్ అయిపోనీ అనేవాణ్ణి. బోర్లకు సీజన్ యాడుంటాది? ఎండాకాలం అయిపోతే వేరుశనగ, అదైతే టమేటా. చివరిసారి అడిగినప్పుడు శాంతిపురం కాడ టీ తాగతాండాం. "మెత్తగా కావాల్నంటే ఇంట్లో పరుపు మింద పండుకో పోప్పా, పనికి యాల వస్తావు" అన్నా. అందరం నవ్వినాం. వాడూ నవ్వినాడు. నవ్వి గ్లాసు కడిగి పెట్టి పోయి అదే సీట్లో కూచున్నాడు.

అది జరిగిన మూడో వారం, పొద్దున్నే వాకిట్లో పళ్ళు తోముకుంటా కూలబడినాడు. గుండె అన్నారు. నలభై ఒక్కేండ్లు. ఆసుపత్రికి మన బండిలోనే ఎత్తుకోని పోయినాం. ఆ పొద్దు నేను స్పీడు బ్రేకర్లు ఎట్లా దాటించినానో నాకే తెల్దు.

వాడు పోయిన ఏడు నెలలకు కొత్త ట్రాలీ కట్టించినా. ఈ పక్క బోర్లు వెయ్యి అడుగులు దాటిపోతాండాయి, పాత మిషను లాగలేకుండా పోయింది. కొత్తది బరువు. ఇంగ కమాన్లు మార్చక తప్పలా. మునెప్ప అడిగితే మార్చలేదు, ట్రాలీ అడిగితే మార్చినా. ఈ మాట నన్ను ఎవరూ అనలా. నేనే అనుకుంటా ఉంటా.

మదనపల్లెలో ఖాదర్ మేస్త్రి అని ఉండాడు. కమాన్ల పనిలో ఆయన చెయ్యి ఇంకొకరికి రాదు. కట్టకు రెండేసి ప్లేట్లు ఎక్కువ వేసి, కొత్త షాకబ్జర్లు వేసి, మధ్యలో గట్టి రబ్బరు దిమ్మలు పెట్టినాడు. ఆయనకు ఒక పద్ధతి ఉండాది. చివరి బోల్టులు బిగించేముందు బండికి ట్రాలీ తగిలిస్తాడు, రోజూ ఎక్కే మనుషుల్ని వాళ్ళ వాళ్ళ సీట్లలో కూచ్చోమంటాడు. బండి ఎట్లా పని చేస్తాదో అట్లా నిలబెట్టి బిగిస్తేనే కట్ట సర్దుకుంటాది అంటాడు. ఎంతమందిని కూచ్చోబెట్టినాడో లోపల చాసిస్ మీద పసుపు పెయింటుతో అంకె రాస్తాడు.

మేం ఎక్కి కూచున్నాం. ఆయన కింద పండుకోనుండాడు, మేం కనపడం. "ఎంతమందప్పా?" అని అరిచినాడు.

"నలుగురం" అన్నా.

అన్నాక గానీ నాకు తెలియలా. రమణ నా వైపు చూసినాడు, నేను చూడనట్టు ముందుకు తిరిగినా. దిద్దుకోవచ్చు కదా? దిద్దుకోలా. కింద మేస్త్రి స్పానరు పెట్టి బిగించేసినాడు. పెయింటు కుంచె గీసిన చప్పుడు కూడా వినపడింది.

మేస్త్రి కింద నుంచి బయటికి వచ్చి చూస్తే బండి ఎడమ పక్కకు ఒరిగుండాది. మేస్త్రి టేపు తీసి చక్రం నడిమి నుంచి పైన మడ్‌గార్డు అంచు దాకా కొలిచినాడు. కుడి పక్క ఇరవై రెండు ఇంచులు. ఎడమ పక్క ఇరవైన్నర. మేం ముగ్గురం దిగినాం, ట్రాలీ విప్పినాం. అయినా తేడా అంతే ఉన్నింది.

ఆయనకు కోపం వచ్చింది. తన పనిలో తప్పొస్తే ఓర్చుకోడు. టైర్లలో గాలి చూసినాడు, సమానం. చాసిస్ వంగిందేమో అని దారం కట్టి చూసినాడు, వంగలా. ఎడమ కట్ట తీసి కుడి పక్కకు, కుడిది ఎడమకు మార్చినాడు. కట్టలో లోపముంటే ఒరుగు కుడి పక్కకు రావాల. రాలా. మళ్ళీ ఎడమ పక్కే, మళ్ళీ ఒకటిన్నర ఇంచి.

మర్నాడు లారీలు తూకం వేసే కాటా కాడికి తీసుకుపోయినాం. ఎడమ చక్రాలు ఒక్కటే ఎక్కించి ఒకసారి, కుడి చక్రాలు ఎక్కించి ఒకసారి తూకం వేయించినా. రెండు చీట్లూ ఇంట్లో ఉండాయి. ఐదు కిలోలు కూడా తేడా లేదు. అంటే ఎడమ పక్క ఎక్కువ బరువేమీ లేదు. అయినా ఒరిగుండాది. మేస్త్రి ఆ చీట్లు రెండూ పక్కపక్కన పెట్టి చూసినాడు. "ఎడమ పక్క సీట్లో ఎవరు కూసుంటారు?" అని అడిగినాడు. ఎవరూ కూచ్చోరు అని చెప్పినా. అది నిజమే కదా.

చివరికి ఎడమ కట్టకు ఇంకో ప్లేటు వేసి ఎత్తేస్తా అన్నాడు. సరే అని ఇంటికొచ్చి రెడ్డెమ్మకు చెప్పినా. కొలతలన్నీ చెప్పినా. ఆమె కూరగాయలు తరిగేది ఆపేసింది.

"వాడు కూసోనుండాడు. ప్లేటేసి ఎత్తి పడేస్తారా వాణ్ణి?" అనింది.

నాకు తిక్క రేగింది. పిచ్చి మాటలు మాట్లాడొద్దు అని అరిచినా. ఆమె నాకంటే గట్టిగా అరిచింది. "రెండేండ్లు నిన్ను అడిగినాడు. నువ్వు నవ్వినావు. ఇప్పుడు కొత్త కమాన్లు ఏపించినావు. వాడు కూసోని సూసుకోవద్దా?" అని కొంగు అడ్డం పెట్టుకోని ఏడ్చింది. నేను నవ్విన సంగతి ఆమెకు తెలుసని నాకు అప్పుడే తెలిసింది. తమ్ముడు అక్కకు చెప్పుకున్నాడన్నమాట. నాకు తలెత్తి చూడను మొహం చెల్లలా. ప్లేటు వేయించలా.

ఆ వారంలోనే కుప్పం పక్క నుంచి, రామకుప్పం కాడి రైతు ఫోన్ చేసినాడు. మోటారు కాలిపోయింది, బీన్సు ఎండిపోతాండాది, ఏనుగులు తొక్కినాక మిగిలింది ఆ ఒక్క మడే అన్నా అని బతిమలాడినాడు. పోకుండా ఉండలేం. మేస్త్రికి చెబితే ఆయన ఒక్కటే మాట అన్నాడు. ఒరిగిన పక్క టైరు మడ్‌గార్డుకు రాసుకుంటే దారిలో పేలిపోతాది, ట్రాలీతో సహా బోల్తా కొడతారు. అందుకని ఎడమ పక్క సీట్లో ఒక మనిషిని కూచ్చోబెట్టు, స్పీడు బ్రేకర్ల కాడ టైరు రాసుకునే చప్పుడు వస్తాందేమో చెవి పెట్టి వినాల అన్నాడు.

పొద్దున ఆరున్నరకు బయలుదేరినాం. రమణను ఎక్కు అన్నా. తల అడ్డంగా ఊపినాడు. శీనప్ప అయితే, "అన్నా, కావాల్నంటే ట్రాలీ మింద కూసుంటా, ఆడ మాత్రం నన్ను కూసోమనొద్దు" అని చెప్పేసినాడు. తిట్టినా. తిట్టి, తాళాలు రమణ చేతికిచ్చి నేనే ఎక్కినా. ఆ బండి కొని పదమూడేండ్లు. ఆ సీట్లో నేను కూచ్చోవడం అదే మొదటిసారి.

కూచ్చుంటే కింద ఏదో ఎత్తుగా తగిలింది. రెక్సిన్ కవరు ఎత్తి చూసినా. గోనెసంచి. దాన్ని ఏడు మడతలు పెట్టి, బోరు పైపులకు కట్టే నైలాను దారంతో చుట్టూ కుట్టుండాడు. నడుము కోసం మునెప్ప తనే కుట్టుకున్న మెత్త. మధ్యలో మనిషి కూచున్న పల్లం అట్లే ఉన్నింది. నేను కమాన్లు మార్పించనని తెలిసిపోయి ఎప్పుడు కుట్టుకున్నాడో ఏమో, మాలో ఒక్కరికీ చెప్పలా. ఆ పక్కనే రేకు మీద, వాడి చెయ్యి తగిలే తావులో, రూపాయి బిళ్ళంత మేర పెయింటు పోయి ఇనుము కనపడతా ఉన్నింది.

పలమనేరు దాటినాం, వి.కోట దాటినాం. ఎన్ని స్పీడు బ్రేకర్లు వచ్చినా ధడేల్మని ఒక్క దెబ్బ లేదు. టైరు రాసుకునే చప్పుడు లేదు. బండి మెత్తగా లేచి మెత్తగా దిగతాండాది. నేను వినాల్సింది టైరును, కానీ నా ధ్యాసంతా నడుము మీదే ఉన్నింది. ఇంత బాగుంటాది కదా, రెండేండ్ల ముందు చేయించుంటే నాకేం పోయేది అనే మాట తప్ప బుర్రలోకి ఇంకోటి రాలా.

అడివి దారి మొదలైనాక, ముందున్నోళ్ళకు వినపడకుండా అన్నా. "మునెప్పా, ఇప్పుడు బాగుండాది కదప్పా. తప్పు నాదే." పట్టపగలు, ఎండ మొహాన కొడతాండగా, ఉత్త సీటుతో మాట్లాడినా. సిగ్గేమీ అనిపించలా. ఏడుపొచ్చింది, ఏడ్చినా. కొంచేపటికి ట్రాలీ వైపు చూసినా. సరిగ్గానే వస్తాండాది. నాకు తెలియకుండానే నా చెయ్యి లేచి రేకు మీద రెండు దెబ్బలు కొట్టింది. రమణ గేరు మార్చినాడు.

రైతు ఇంకో మోటారు తెచ్చిపెట్టుండాడు, పని సాయంత్రానికంతా అయిపోతాదనుకుంటే మధ్యాన్నానికే అయిపోయింది. నీళ్ళు పడినాయి. బండెక్కబోతా శీనప్ప ఆగిపోయినాడు. "అన్నా, సూడు" అన్నాడు.

బండి సమంగా నిలబడుండాది. చదునైన కళ్ళం మీద. టేపు తీసినా. కుడి పక్క ఇరవై రెండు. ఎడమ పక్క ఇరవై రెండు.

మర్నాడు ఖాదర్ మేస్త్రి నా మాట నమ్మక మదనపల్లె నుంచి స్కూటరు మీద తన టేపు తెచ్చుకోని మరీ వచ్చినాడు. మూడుసార్లు కొలిచినాడు. బోల్టులు చూసినాడు, ఆయన బిగించిన గుర్తు కదల్లా. కొత్త కట్ట బరువుకు కిందికి దిగడం ఉంటాది గానీ, తనంతట తాను పైకి లేవడం తన సర్వీసులో చూల్లేదన్నాడు. బండి కిందికి దూరి, పసుపు పెయింటుతో రాసిన నాలుగు అంకె మీద చెయ్యి పెట్టి, "మీరు ముగ్గురే కదా పోయేది, దీన్ని మార్చేదా?" అని అడిగినాడు. ఉండనీ అన్నా.

దీనికి కారణం ఏమిటో నాకు తెల్దు. ఇంజనీరింగు చదివినోళ్ళను అడిగినా, ఒక్కొక్కరు ఒక్కోటి చెప్పినారు, ఏదీ ఆ రెండు కాటా చీట్లతో పొసగలా. గోనెసంచి ఆ సీట్లోనే ఉండాది. ఇప్పుడు వెనక ఎవరో ఒకరు కూచ్చోవాల్నని వంతులు పెట్టుకున్నాం, నా వంతు నేనూ కూచ్చుంటా.

రోజూ పొద్దున బయలుదేరే ముందు ఎడమ పక్క టేపు పెడతా. వాకిట్లోంచి రెడ్డెమ్మ "ఎంతుండాది?" అని అడుగుతాది. ఇరవై రెండు అంటా. ఆమె లోపలికి పోతాది. దెయ్యాలు లేవని నేను మొదటే చెప్పినా, ఇప్పటికీ అదే చెబుతా. అయినా టేపు మీద అంకె చూసేముందు, ఒక్కరోజన్నా ఇరవైన్నర వస్తే బాగుండునని ఉంటాది నాకు.